ఒక్క రోజు, ఒక్క తోట: బరంపురం నుంచి ఏకామ్ర కానన్‌కి

బరంపురంలో నలుగురు స్నేహితులు కలిసి భువనేశ్వర్‌కి ఒక రోజు వెళ్లొద్దామనుకుంటే చాలు, జాబితా దానంతట అదే తయారవుతుంది. పొద్దున్నే లింగరాజు దర్శనం, అక్కణ్నుంచి ఖండగిరి గుహలు, ధౌలి స్తూపం, మధ్యాహ్నం నందన్‌కానన్‌లో పులులు, చివర్లో టైముంటే ఏకామ్ర కానన్ అనే మొక్కల తోట. ఆ "టైముంటే" తోనే నాకు పేచీ. టైము ఉండదు. ఒకవేళ ముప్పావుగంట మిగిలినా అది తోట చూడ్డానికి పనికొచ్చే ముప్పావుగంట కాదు.

లెక్క వేసి చూడండి. బరంపురం నుంచి భువనేశ్వర్‌కి రైలు దారి సుమారు 165 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బండికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. కారులో 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే ఖుర్దా దగ్గర లారీల రద్దీని బట్టి మూడున్నర గంటలు కూడా కావచ్చు. రాత్రి భోజనానికి ఇల్లు చేరాలంటే ఊళ్లో చేతికి మిగిలేది ఏడెనిమిది గంటలు. ధౌలి ఊరికి దక్షిణాన ఉంది, ఖండగిరి పడమర, లింగరాజు గుడి పాత ఊళ్లో, నందన్‌కానన్ ఉత్తరం కొసన. ఒక్కో చోటికి ఆటో బేరం, ట్రాఫిక్, టికెట్ క్యూ, వెనకబడ్డవాళ్ల కోసం ఎదురుచూపు అన్నీ కలిపి ముప్పావుగంట తక్కువ కాదు. అంటే సగం రోజు రోడ్డుపాలే. ఆఖరికి ఏకామ్ర కానన్ గేటు దగ్గరికి చేరేసరికి కాళ్లు లాగుతుంటాయి, ఫోను చార్జింగ్ అయిపోతుంటుంది, చెట్టు కింద బెంచీ కనిపిస్తే చాలనిపిస్తుంది. బెంచీ మీద కూర్చుని వెనక్కొచ్చి "ఏముందక్కడ, మామూలు పార్కే" అని చెప్పేవాళ్లు మన ఊళ్లో కొల్లలు. వాళ్లు చూసింది నిజంగా బెంచీనే.

"ఇంత దూరం పోయి ఒక్క తోటేనా?" అని అడుగుతారు. అవును, ఒక్క తోటే. ఖండగిరి గుహలు ఏ నెలలో చూసినా, ఏ గంటకి చూసినా అవే గుహలు. మొక్కలు అలా ఉండవు. పొద్దున తొమ్మిదికి వాసన కొట్టిన గులాబీ మధ్యాహ్నం రెండింటికి తల వాల్చేస్తుంది. డిసెంబర్లో పూలతో నిండిన మడి అక్టోబర్లో ఉత్త ముళ్ల కర్రలు. కాబట్టి తోటకి రోజులోని మంచి గంటలు ఇచ్చి, మిగిలితే గుళ్లకి వెళ్లాలి.

ఏకామ్ర కానన్ నయాపల్లిలో ఉంది. స్టేషన్ నుంచి ఆటోలో అరగంట లోపే. ఇది రీజనల్ ప్లాంట్ రిసోర్స్ సెంటర్ అనే రాష్ట్ర ప్రభుత్వ పరిశోధన సంస్థకి చెందిన తోట. సంస్థ 1985లో మొదలైంది. అరటి, వెదురు మొక్కల్ని టిష్యూ కల్చర్‌లో, అంటే మొక్క చిన్న ముక్క నుంచి ప్రయోగశాలలో, పెంచడం, అరుదైన మొక్కల్ని కాపాడడం లాంటి పనులు లోపల సాగుతుంటాయి. బయటికి కనిపించే చెరువు, పచ్చిక, గులాబీ మళ్లు చూసి అంతా అదే అనుకుంటాం. అసలు సరుకు కాక్టస్ సేకరణ. దేశంలో ఇంత పెద్ద సేకరణలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే.

ముందు నెల సంగతి. మనవాళ్లలో చాలామంది దసరా సెలవుల్లో బయల్దేరతారు. తోట చూడ్డానికి అంతకన్నా పనికిరాని కాలం లేదు. మన తీరంలో గులాబీలకి వర్షాలు వెనకబట్టాక, అక్టోబర్లో కత్తిరింపు చేస్తారు. కత్తిరించిన కొమ్మ చిగురించి, మొగ్గ తొడిగి, పువ్వు విప్పడానికి ఆరేడు వారాలు కావాలి. దసరాకి వెళ్తే కత్తెర పడ్డ మోళ్లే కనిపిస్తాయి. పైగా అక్టోబర్ తుఫాన్ల నెల. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చాయి, ఆ సంగతి గంజాం, గజపతి జిల్లాల వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. తర్వాత జనం ఎగబడేది క్రిస్మస్ నుంచి జనవరి ఒకటి దాకా. అప్పుడు పూలుంటాయి గానీ పిక్నిక్ జనం అంతకు మించి ఉంటారు. మడి ముందు నిలబడి ఒక పువ్వు దగ్గరికి వంగే వీలుండదు.

నన్నడిగితే సంక్రాంతి వెళ్లాక, జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, ఆదివారం కాని రోజు చూసుకోండి. మొదటి కాపు పూలు వాడాక తలలు తీసేస్తే వచ్చే రెండో కాపు అప్పటికి విప్పుకుంటుంది. పొద్దున చలి, పది దాటాక ఓర్చుకోగల ఎండ. బయల్దేరే ముందురోజు తోట సెలవు రోజూ గేటు వేళలూ కనుక్కోండి. నందన్‌కానన్‌కి సోమవారం సెలవని తెలియక గేటు దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో మాట. కార్తీక వనభోజనాన్నీ తోట చూడ్డాన్నీ కలపొద్దు. వనభోజనానికి ఉసిరిచెట్టు కావాలి, గాడిపొయ్యి కావాలి, పాటలు కావాలి, పిల్లలు పరుగెత్తే చోటు కావాలి. దానికి తప్తపాణి ఉంది, ఛత్రపురం దగ్గర తంపర చెరువు ఉంది. ముప్పై మంది బస్సులో దిగి గిన్నెలు సర్దుకునే పని మొక్కల సేకరణ ఉన్న చోట పెట్టుకుంటే అటు భోజనం సాగదు, ఇటు తోటా కనిపించదు. తోటకి నలుగురు మంచి లెక్క, ఆరుగురు గరిష్ఠం. ఒక ఆటోలోనో కారులోనో పట్టాలి, ఒక మొక్క చుట్టూ నిలబడితే అందరికీ కనిపించాలి. ఏడో మనిషి చేరాడంటే గుంపు రెండుగా చీలుతుంది, రోజంతా ఫోన్లు చేసుకోవడంతోనే గడుస్తుంది.

రైలు తెల్లవారుజాముదే పట్టుకోండి. తొమ్మిది, తొమ్మిదిన్నరకి తోటలో ఉండాలన్నది గురి. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ చూసుకుంటే రంభా నుంచి బాలుగాం దాకా చిలికా కనిపిస్తూ పోతుంది. రాయగడ, కొరాపుట్ వాళ్లయితే రాత్రి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున భువనేశ్వర్‌లో దిగొచ్చు. పర్లాకిమిడి వాళ్లు ఒకే రోజులో వెళ్లి రావాలని పట్టుబట్టకండి. ముందురోజు బరంపురంలో బంధువుల ఇంట్లో పడుకుంటే సుఖం.

లోపలికి వెళ్లగానే ముందు గులాబీలు, ఆ తర్వాత కాక్టస్‌లు. ఈ వరస మార్చొద్దు. గులాబీ వాసన మంచు ఆరి ఎండ తగిలాక పైకొస్తుంది, ఎండ ముదిరితే ఎగిరిపోతుంది. తొమ్మిదిన్నర నుంచి పదకొండు మధ్య వంగి వాసన చూడండి. కాడకి ఒక్కటే పెద్ద పువ్వు పూసేది హైబ్రిడ్ టీ, గుత్తులుగా పూసేది ఫ్లోరిబండా. ఈ ఒక్క తేడా తెలిస్తే మడి మొత్తం రెండు కుటుంబాలుగా విడిపోయి కనిపిస్తుంది. తర్వాత మొక్క మొదట్లోకి చూడండి. నేల నుంచి బెత్తెడు ఎత్తులోపే కాండం మీద ఒక కణుపు ఉబ్బి ఉంటుంది. అదే కన్ను, అంటే చిగురు పుట్టే మొగ్గని, అంటు కట్టిన చోటు. కింద ఉన్నది గట్టి వేళ్ల అడవి గులాబీ, పైన ఉన్నది మనకి కావలసిన రంగు. ఇంట్లో "కొన్నప్పుడు ఎర్రగా పూసింది, రెండేళ్లకి చిన్న తెల్లపూలు పూస్తోంది" అని వాపోయే గులాబీల కథంతా ఆ ఉబ్బు దగ్గరే ఉంది. అంటు కింద నుంచి వచ్చిన పిలకని వదిలేస్తే అది పైమొక్క బలమంతా లాగేసుకుంటుంది. దాన్ని కత్తిరిస్తే మళ్లీ వస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటి నుంచి లాగి పీకెయ్యాలి. మడిలో తోటమాలి కత్తెర పెట్టిన చోటు కూడా గమనించండి. బయటివైపు చూసే కన్నుకి పావంగుళం పైన, నీరు జారిపోయేలా ఏటవాలుగా కోసి ఉంటుంది. కన్ను లోపలివైపు చూస్తుంటే కొమ్మలు ఒకదాన్నొకటి రాసుకుంటూ మధ్యలో ముసురుకుంటాయి, గాలాడక తెగులు పడుతుంది.

ఇక కాక్టస్‌లు. వీటికి కనీసం గంటన్నర కేటాయించండి. పేరు బోర్డులు చదువుతూ, ఒక్కొక్కరు ఒక్కో మొక్క దగ్గర ఆగుతూ వెళ్తే రెండు గంటలూ చాలవు. చేతి భూతద్దం ఒకటి, పది రెట్లు పెద్దగా చూపేది, జేబులో ఉంటే ఈ చోటు వేరే లోకం అయిపోతుంది.

మొదట తేల్చుకోవలసింది ఏది కాక్టస్, ఏది కాదు అని. మన ఊళ్ల కంచెల్లో ఉండే బొంతజెముడు, ఆకుజెముడు కాక్టస్‌లు కావు. గిల్లితే పాలు కారతాయి, ముళ్లు జంటలుగా ఉంటాయి. ఆ పాలు కంట్లో పడితే కన్ను వాచిపోతుంది, చూపుకే ప్రమాదం. వేలు తగిలితే సబ్బుతో కడుక్కునే దాకా ముఖం తుడుచుకోవద్దు. నాగజెముడు మాత్రం అసలైన కాక్టస్. గుర్తు ఎక్కడుందంటే, ముళ్లు ఒక్కోటిగా కాండం నుంచి పుట్టవు. చిన్న నూగు మెత్త ఒకటుంటుంది, దాన్ని అరియోల్ అంటారు, ముళ్లన్నీ ఆ మెత్తలోంచే గుత్తిగా లేస్తాయి. పూలూ పిలకలూ పుట్టేది కూడా అక్కణ్నుంచే. భూతద్దం పెట్టి ఆ మెత్త కనిపిస్తే కాక్టస్, లేకపోతే కాదు. ఇంకో పరీక్ష అవసరం లేదు.

నాగజెముడు మన దేశపుది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. దాని మీద బతికే కొచినీల్ పురుగు నుంచి తీసే ఎర్రరంగు మీద ఈస్టిండియా కంపెనీకి ఆశ ఉండేది. 1795లో పురుగుని తెప్పించారు గానీ వచ్చింది మేలురకం కాదు, వేరే జాతి. రంగు వ్యాపారం సాగలేదు, ఆ పురుగు మాత్రం మొక్కనే తినేసింది. తర్వాత దక్షిణాదిలో పొలాలకి అడ్డంపడ్డ ఒక నాగజెముడు జాతిని అణచడానికి అదే పురుగుని వాడారు. కలుపుమొక్క మీదికి పురుగుని వదిలి గెలిచిన తొలి సందర్భాల్లో ఇదొకటి. నాగజెముడు పలక మీద తెల్లటి బూజు అంటుకున్నట్టు ఎక్కడైనా కనిపిస్తే పుల్లతో నలిపి చూడండి. ఎర్రగా కారితే అది కొచినీల్ రకం పురుగే. తోటలో అయితే నలపకండి, పనివాళ్లకి చెప్పండి.

ముళ్లలో పెద్దవాటి గురించి భయపడక్కర్లేదు, అవి కనిపిస్తాయి. నాగజెముడు జాతిలో నూగులా కనిపించే సన్నముళ్లున్నాయి, గ్లోకిడ్‌లు అంటారు. ముట్టుకుంటే వందలకొద్దీ ఊడి చర్మంలో దిగుతాయి. కుందేలు చెవుల్లా ముద్దుగా ఉందని వేలు పెట్టేది వీటి మీదే. దిగితే రుద్దొద్దు, నోటితో అసలే పీకొద్దు. వెడల్పు సెలోటేపు అంటించి లాగండి. మిగిలినవాటి మీద ఫెవికాల్ పల్చగా పూసి, పూర్తిగా ఆరాక పొరలా ఒలవండి. టేపు చుట్ట ఒకటి సంచిలో పడేసుకుంటే గుంపులో ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

గుండ్రంగా, పసుపుపచ్చటి ముళ్లతో, నెత్తి మీద ఉన్ని టోపీ ఉన్న బంగారు బ్యారెల్ దగ్గర తప్పకుండా ఆగండి. పుట్టిల్లు మెక్సికో. పక్కన వంగి దాని ఒంటి మీది నిలువు మడతల కోణాలు చూడండి. వానాకాలం అయ్యాక వెళ్తే కోణాల మధ్య లోతు తక్కువ, ఎండలు ముదిరాక వెళ్తే లోతు ఎక్కువ. నీరు తాగినప్పుడు గొడుగులా విచ్చుకుని, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. తోలు చిరగకుండా లావు కావడానికి, సన్నబడడానికి ఆ మడతలే ఆధారం. ఇంకో సంగతి, ఇవి పగలు గాలి పీల్చవు. ఎండలో రంధ్రాలు తెరిస్తే నీరంతా ఆవిరవుతుంది కాబట్టి రాత్రి తెరిచి, పీల్చిన బొగ్గుపులుసు గాలిని ఆమ్లంగా దాచుకుని, పగలు మూసుకుని వండుకుంటాయి.

మరి ఈ ఎడారి మొక్కల్ని కప్పు కింద పెట్టడం ఎందుకు? భువనేశ్వర్‌లో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వీటిలో చాలావాటి సొంతగడ్డ మీద పడేది అందులో మూడో వంతు కూడా ఉండదు. వేడిని తట్టుకుంటాయి గానీ మన జూలై, ఆగస్టు తేమని తట్టుకోలేవు. మొదలు దగ్గర మెత్తబడి, గోధుమరంగు తిరిగి, వారంలో కూలిపోతాయి. వాన నీటిని ఆపే కప్పు, గాలి ఆడేలా తెరిచిన పక్కలు, నీరు నిలవని మట్టి, ఈ మూడూ లేకుండా కోస్తాలో ఇంత సేకరణని కాపాడడం కుదరని పని. వాటిని నిలబెట్టిన తోటమాలుల పనితనానికి నేను దణ్ణం పెడతాను.

ఎర్రటి, పసుపుపచ్చటి బంతి ఒక ఆకుపచ్చ కొయ్య మీద కూర్చున్నట్టుండే చిన్న మొక్కలు నర్సరీల్లో అమ్ముతారు. అది రెండు మొక్కలు. పైన ఉన్న రంగు బంతికి పత్రహరితం లేదు, సొంతంగా తిండి చేసుకోలేదు. 1940ల్లో జపాన్‌లో ఇలాంటి మొలకల్ని వేరే కాక్టస్ మీద అంటుకట్టి బతికించారు. కింద ఉన్న మూడు పలకల కొయ్య డ్రాగన్ ఫ్రూట్ బంధువు. అది ఉష్ణమండలపు మొక్క, చలికి ఓర్చదు, నీరెక్కువైతే కుళ్లుతుంది. అది పోయిన రోజున పైనున్న బంతీ పోతుంది. మన ఇళ్లలో రాత్రిపూట పూసిందని ఫొటోలు పెట్టుకునే బ్రహ్మకమలం కూడా కాక్టస్సే, దాని పుట్టిల్లూ మెక్సికో వైపే. హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం పూర్తిగా వేరే మొక్క. తోటలో కాక్టస్‌లు చూసొచ్చాక ఇంటి కుండీలోని బ్రహ్మకమలం పలక అంచున ఉన్న గంట్లని పరీక్షగా చూడండి. అరియోల్ అక్కడా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాక్టస్‌ల మీద, కలబంద జాతి పెద్ద ఆకుల మీద గోళ్లతో, తాళంచెవులతో పేర్లు గీస్తారు. మామిడిచెట్టు బెరడు మీద గీస్తే కొన్నేళ్లకి బెరడు పెరిగి పూడుతుంది. కాక్టస్ తోలు తిరిగి పెరగదు. గీసిన చోట బెండులా ఎండిపోయి, ఆ మొక్క బతికున్నంత కాలం మచ్చగా ఉంటుంది. మానే లోపు ఆ సందులోంచి బూజు దిగితే మొక్కే పోతుంది. ముప్పై నలభై ఏళ్లు పెంచిన మొక్క మీద ఒక పేరు, ఒక బాణం, ఒక గుండె బొమ్మ! కొన్ని కాక్టస్‌ల మీద బూడిదలాంటి మైనపు పూత ఉంటుంది, అది వేలితో తుడిస్తే పోతుంది, మళ్లీ రాదు. ఆ పూతే దానికి ఎండ నుంచి రక్ష. మీ గుంపులో ఎవరైనా చెయ్యి పెట్టబోతే మొహమాటపడకుండా ఆపండి. పక్క గుంపువాళ్లనైనా సరే, మెల్లగా చెప్పండి.

పన్నెండున్నరకి భోజనం. పులిహోర తెచ్చుకోండి, చింతపండు పులుపు వల్ల సాయంత్రం దాకా చెడదు. పెరుగన్నం ఒంటిగంటకే పులిసిపోతుంది. తేవాలంటే అన్నంలో పాలు పోసి చెంచాడు పెరుగు తోడు వేస్తే తినే వేళకి సరిగ్గా తోడుకుంటుంది. అన్నిటికన్నా ముందు పాడయ్యేది పచ్చికొబ్బరి చట్నీ, అది ఇంట్లోనే వదిలెయ్యండి. మన బరంపురం అప్పడాలు వేయించి డబ్బాలో పెట్టుకుంటే అంతకన్నా ఏం కావాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో. తినడానికి అనుమతి ఉన్న చోటే కూర్చోండి.

తిన్నాక గంటసేపు చెట్ల నీడన నడవండి. ఇక్కడి చెట్లని చూసేటప్పుడు 2019 మే 3 గుర్తుంచుకోవాలి. ఫని తుఫాను పూరీ దగ్గర తీరం దాటి భువనేశ్వర్ మీదుగా వెళ్లింది, ఊరంతా చెట్లు కూలాయి. వేగంగా పెరిగి, పెళుసు కొమ్మలతో, పైపైన వేళ్లతో ఉండేవి ముందు పడతాయి. మీ వీధిలో నాటడానికి చెట్టు ఎంచుకునేముందు ఇలాంటి చోట నిలబడి ఉన్న పాత చెట్ల పేర్లు రాసుకోండి. ఒడిశా రాష్ట్ర పుష్పం అశోకం. ఫిబ్రవరి చివరికి దాని నారింజరంగు గుత్తులు కాండానికి దగ్గరగా మొదలవుతాయి. నందన్‌కానన్ పక్కన కంజియా చెరువు అవతల 1963 నాటి రాష్ట్ర బొటానికల్ గార్డెన్ ఉంది, దానికి ఇంకో రోజు పెట్టుకోండి. పులుల టికెట్‌తో పాటు అరగంటలో చూసే చోటు కాదు అదీ.

తిరుగు ప్రయాణంలో మొక్కలు కొంటారు, అది ఎలాగూ ఆగదు. తలా రెండు చాలు. కాక్టస్‌ని కొన్నాక నాలుగు మడతల దినపత్రికలో చుట్టి, చిన్న అట్టపెట్టెలో నిలబెట్టి, బెర్తు కింద పెట్టండి. ప్లాస్టిక్ కవరులో మూతి కడితే లోపల చెమ్మపట్టి మొదలు కుళ్లడం మొదలవుతుంది. ఇంటికొచ్చాక కుండీలోంచి తీసి చూస్తే చాలాసార్లు వేళ్ల చుట్టూ కొబ్బరిపొట్టు ముద్ద ఉంటుంది. అది తడిస్తే రోజుల తరబడి ఆరదు. పుల్లతో మెల్లగా రాల్చెయ్యండి. ముతక ఇసుక, చిన్న కంకర రెండూ కలిపి సగం, పావు వంతు ఆకుల ఎరువు, పావు వంతు తోటమట్టి కలిపి, అడుగున చిల్లు ఉన్న మట్టికుండీలో నాటండి. నాటిన వారం దాకా నీళ్లు పొయ్యొద్దు, తెగిన వేళ్లు ఆరాలి. ఆ తర్వాత వేసవిలో వారానికోసారి, చలికాలంలో రెండు మూడు వారాలకోసారి, అదీ మట్టి లోపలిదాకా ఆరిందని పుల్ల గుచ్చి చూసుకున్నాకే. మొదటి పది రోజులు డాబా మీద ఎండలో పెట్టకండి, నర్సరీ నీడకి అలవాటుపడ్డ తోలు ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా కాలిపోతుంది. జూన్ రెండో వారం రాగానే కుండీలని చూరు కిందికి జరపండి, అక్టోబర్ వానలు ఆగేదాకా అక్కడే ఉండనివ్వండి.